పెట్టె మీద 200 ఆంపియర్లు, గోడలో పదహారే

గాజువాక నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మేడ మీద మొక్కల స్టాండు, పిట్టగోడకి రెయిలింగు నేనే చేసుకుందామని వెల్డింగ్ మిషన్ చూస్తున్నానండి. పెట్టె మీద 200 ఆంపియర్లు అని ఉంది. మా ఇంట్లో ఉన్నది 16 ఆంపియర్ల సాకెట్టు. వైరింగ్ కాలిపోదా?"

భయం సబబే, లెక్కే తప్పు. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవర్ వస్తుందని పదో తరగతిలో అందరం బట్టీ పట్టాం. ఎక్కడి వోల్టేజిని ఎక్కడి కరెంటుతో గుణించాలో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. అందుకే 230ని 200తో గుణించి, 46 కిలోవాట్లు చూసి గుండెలు బాదుకుంటాం. ఆ 200 ఆంపియర్లు పారేది గోడ తీగలో కాదు, రాడ్డు కొసన. అక్కడ ఉండేది 230 వోల్టులు కాదు, పాతిక చిల్లర.

రాడ్డు కొసకీ లోహానికీ మధ్య వెలిగే మంటే ఆర్క్. రాడ్డు వెల్డింగ్‌లో ఆ ఆర్క్ వోల్టేజికి మిషన్లను పరీక్షించే ప్రమాణాల్లోనే ఒక సూత్రం ఉంది: ఆంపియర్లను 0.04తో గుణించి 20 కలపడం. 100 ఆంపియర్లకు 24 వోల్టులు, అంటే 2,400 వాట్లు. ఒక గీజరు కంటే కాస్త ఎక్కువ, అంతే.

మిషన్ చేసేది చిల్లర మార్పిడి. 230 వోల్టుల పెద్ద నోట్లు కొన్ని లోపలికి వెళ్తాయి, 24 వోల్టుల చిల్లర కుప్పగా బయటికొస్తుంది. విలువ పెరగదు సరికదా, మార్చినందుకు కమీషన్ పోతుంది. మామూలు ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్‌లో అది నూటికి ఇరవై దాకా ఉంటుంది. వెనక ఫ్యాను ఊదే వేడిగాలి ఆ కమీషనే. కాబట్టి 2,400 వాట్ల ఆర్క్‌కి గోడ నుంచి 3,000 వాట్లు లాగాలి.

ఇక్కడితో ఆగి 3,000ని 230తో భాగిస్తే 13 ఆంపియర్లు వస్తాయి. నిజానికి తీగలో పారేది అంతకంటే ఎక్కువ. చిన్న మిషన్లు కరెంటును సాఫీగా తీసుకోవు. లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్లు దాదాపు 325 వోల్టుల వరకూ నిండి కూర్చుంటాయి. బయటి అల శిఖరానికి చేరినప్పుడు మాత్రమే కొత్త కరెంటు లోపలికి వెళ్తుంది. చిల్లర కొట్టు కిటికీ సెకనుకు వందసార్లు తెరుచుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే అందరూ తోసుకుంటారు. తీగ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, తీరిగ్గా నడిచే జనం కంటే ఈ తోపులాట తీగను ఎక్కువ కాలుస్తుంది. తీగ మోసే భారంలో పనికొచ్చేది పదింట ఏడు వంతులే, దీన్నే పవర్ ఫ్యాక్టర్ 0.7 అంటాం. 3,000ని 0.7తో, ఆపైన 230తో భాగిస్తే 18.6 ఆంపియర్లు.

ఇదే లెక్కలో 80 ఆంపియర్ల ఆర్క్‌కి గోడలో 14.4 కావాలి. 130కి 25 దాటుతుంది. పెట్టె మీది 200కి ఏకంగా 43. వెనక్కి లెక్కిస్తే, 16 ఆంపియర్ల సాకెట్టు నిలకడగా ఇవ్వగలిగేది 88 ఆంపియర్ల ఆర్క్. మిషన్ మీద 200 రాసినా, 300 రాసినా మీ గోడకి తెలిసిన అంకె అదొక్కటే.

సరిపోతుందా? మైల్డ్ స్టీల్‌తో ఇంటి పనికి బాగా సరిపోతుంది. కొట్లో 12 నంబరు అని అడిగే 2.5 మిల్లీమీటర్ల 6013 రకం రాడ్డు 60 నుంచి 90 ఆంపియర్లలో కాలుతుంది. 2 ఎంఎం స్క్వేర్ పైపు, 3 ఎంఎం పట్టీ, 5 ఎంఎం యాంగ్లరు దాని చేతిలో పనులే. 10 నంబరుకి, అంటే 3.15 రాడ్డుకి, 90 నుంచి 130 కావాలి. ఒక 12 నంబరు రాడ్డు సుమారు నిమిషంలో అయిపోతుంది. తర్వాత అతుకు మీద గట్టిపడిన పెంకు కొట్టాలి, బ్రష్ వేయాలి, కొత్త రాడ్డు పెట్టాలి, అంతసేపూ తీగ చల్లారుతుంది. ఎంసీబీ కూడా దాని మీద రాసిన అంకె దాటగానే పడిపోదు. 1.45 రెట్లు పారినా గంటలోపు పడాలన్నదే నియమం. అందుకే 16 సాకెట్టు మీద 100 ఆంపియర్లతో చిన్న చిన్న అతుకులు వేసినా చాలామందికి ఏమీ కాదు. రోజూ చేసేట్టయితే 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి తీగతో విడి లైను, 25 ఆంపియర్ల ఎంసీబీ, ఇండస్ట్రియల్ సాకెట్టు పెట్టించుకోండి. అంతకుముందు మీటరుకు మంజూరైన లోడు ఎంతో ఈపీడీసీఎల్ బిల్లులో చూసుకోండి.

ఆ నిమిషంలో శక్తి ఎటు పోతుందో చూడండి. 80 ఆంపియర్లు, 23 వోల్టులు, 60 సెకన్లు అంటే దాదాపు 1,10,000 జౌళ్లు. ఘన మిల్లీమీటరు ఉక్కు కరగడానికి సుమారు 10 జౌళ్లు చాలు. కాలిన 300 మిల్లీమీటర్ల రాడ్డులో ఉన్న ఉక్కు 1,470 ఘన మిల్లీమీటర్లు. అంటే రాడ్డు కరగడానికి పట్టింది ఎనిమిదో వంతే. మిగతాదంతా రేకులోకి, పూతలోకి, వెలుగులోకి, గాలిలోకి పోయింది. రేకు మందం పెరిగేకొద్దీ ఆంపియర్లు ఎందుకు పెంచాలో ఇప్పుడు అర్థమవుతుంది. మందపాటి ఉక్కు వేడిని పక్కకి లాగేసుకుంటుంది. కరెంటు చాలకపోతే రాడ్డు అంటుకుపోతుంది, కరిగిన లోహం రేకులో కలవక తాడు పెట్టినట్టు పైనే కూర్చుంటుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, సుత్తితో ఒక్కటిస్తే ఊడొస్తుంది. ఎక్కువైతే అంచుల్లో గాడి పడుతుంది, పైపుకి చిల్లి పడుతుంది.

సాయంత్రం వోల్టేజి 190కి పడిందనుకోండి. నోటు విలువ తగ్గింది, చిల్లర మాత్రం అంతే కావాలి, కాబట్టి మిషన్ ఎక్కువ నోట్లు లాక్కుంటుంది. 100 ఆంపియర్ల ఆర్క్‌కే గోడలో 22.6. దానికి సన్నపాటి జంక్షన్ బాక్సు తగిలిస్తే కథ ముదురుతుంది. 1 ఎస్‌క్యూ ఎంఎం తీగ 20 మీటర్లు ఉంటే, రానూపోనూ 0.7 ఓములు. 20 ఆంపియర్ల దగ్గర 14 వోల్టులు అక్కడే మాయం, 280 వాట్లు తీగలోనే వేడి. చుట్ట విప్పకుండా వాడితే ఆ వేడికి దారి లేక ఇన్సులేషన్ మెత్తబడుతుంది. 2.5 తీగైతే నష్టం 6 వోల్టుల లోపే.

కొనేటప్పుడు రంగు పెట్టెను వదిలేసి, మిషన్ వెనక అతికించిన పలక చదవండి. అబద్ధం అక్కడే దొరుకుతుంది. 200 ఆంపియర్లు, 28 వోల్టులు అంటే 5,600 వాట్లు. అదే పలక మీద గరిష్ఠ ఇన్‌పుట్ 20 ఆంపియర్లని ఉంటే, 230తో గుణించినా 4,600 దాటదు. లోపలికి వెళ్లింది తక్కువ, బయటికొచ్చింది ఎక్కువ అంటే అది మిషన్ కాదు, మహిమ. పక్కనే డ్యూటీ సైకిల్ ఉంటుంది. అది 40 డిగ్రీల గాలిలో, పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆగకుండా కాల్చవచ్చో చెప్పే శాతం. దాని వర్గమూలంతో ఆంపియర్లను గుణిస్తే విరామం లేకుండా వచ్చేది తేలుతుంది. 200 దగ్గర 60 శాతమైతే 155, 25 శాతమైతే 100. ఇంటి పనికి ఆ 100 వచ్చినా చాలు. ఆ శాతమే రాయని మిషన్ మాత్రం ఎంత చవకైనా వద్దు. మిషన్‌తో వచ్చే కేబుళ్లను కత్తితో గీకి పరీక్షించండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం అయితే మార్చి, 16 ఎస్‌క్యూ ఎంఎం రాగి కేబుల్ వేసుకోండి.

విశాఖ గాలికి ఒక ప్రత్యేక లెక్క ఉంది. ఆర్క్ వెలగనప్పుడు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులుంటాయి. పొడి చేతికి అదొక చురుకు, మే నెల చెమటలో తడిసిన గ్లవ్స్‌కి అది ప్రమాదం. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజిని తగ్గించే వీఆర్‌డీ ఉన్న మిషన్‌కి కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు. సముద్రపు ఉప్పు ఫ్యానుతోపాటు లోపలికెళ్లి సర్క్యూట్ బోర్డు మీద పొరగా కూర్చుంటుంది, తేమ తగలగానే అది కరెంటుకి దారి. బోర్డు మీద రక్షణ పూత ఉందో లేదో అడగండి, నెలకోసారి పొడిగాలి కొట్టండి. దసరాకి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ ఫ్యాను జాలీకి అడ్డంగా వేలాడితే దిష్టి సంగతేమో గానీ, లోపల కరెంటును మార్చే ట్రాన్సిస్టర్లకి (ఐజీబీటీలకి) ఊపిరాడదు.

జింకు పూత ఉన్న జీఐ పైపు మీద వెల్డింగ్ చేస్తే 907 డిగ్రీలకే జింకు ఆవిరై తెల్ల పొగ లేస్తుంది. ఆ రాత్రి చలిజ్వరం తెప్పించేది అదే. అనకాపల్లి బెల్లం ముక్క నమిలితే పొగను కడిగేస్తుందని వర్క్‌షాపుల్లో గట్టి నమ్మకం. పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం వెళ్లేది కడుపులోకి. అతుకు చుట్టూ జింకును గ్రైండర్‌తో తీసేయండి, గాలి వీపు వైపు నుంచో పక్క నుంచో వచ్చేట్టు నిలబడండి. 100 ఆంపియర్లకి 10 నంబరు అద్దం కావాలి, చలువ కళ్లద్దాలు పనికిరావు.

రాడ్డు విషయంలో 6013 దాటి పోవద్దు. తేమ పట్టినా 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెడితే పనిచేస్తుంది. గట్టిదని చెప్పి అంటగట్టే 7018కి తేమ పడదు. తెరిచిన ప్యాకెట్టులోని రాడ్లను 300 డిగ్రీలు దాటించి ఆరబెట్టాలి, ఇంటి కేకు ఓవెన్ సాధారణంగా 250 దగ్గరే ఆగిపోతుంది.