సర్జన్ వచ్చేదాకా నొప్పి మందు ఎందుకు ఆగుతోంది?

కడుపు పట్టుకుని మెలికలు తిరిగే పిల్లలకు సర్జన్ చూడకముందే నొప్పి మందు ఇవ్వవచ్చా అన్న వివాదం విశాఖపట్నంలో మళ్లీ రేగింది. నగరంలోని ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో తమ బిడ్డను గంటల తరబడి ఏడుస్తూనే ఉంచారని తల్లిదండ్రులు అంటున్నారు. నొప్పి తగ్గిస్తే '24 గంటల కడుపునొప్పి', అంటే అపెండిసైటిస్, కనిపెట్టలేమనే ఆగామని వైద్యులు చెబుతున్నారు.

ఆ భయం ఎలా పుట్టిందో వైద్యరంగంలో అందరికీ తెలుసు. దానికి బలం చేకూర్చినది బ్రిటిష్ సర్జన్ జకరీ కోప్ 1921లో ప్రచురించిన పాఠ్యగ్రంథం. ఆంధ్ర వైద్య కళాశాల మొదలైంది 1923లో కాబట్టి సర్జన్ చూసేదాకా నొప్పి మందు వద్దన్న ఆ నియమానికీ మన కళాశాలకూ దాదాపు ఒకటే వయసు. అల్ట్రాసౌండ్ లేని ఆ రోజుల్లో పొట్ట గట్టిపడిందో లేదో సర్జన్ చేతివేళ్లే చెప్పాలి గనుక ఆ జాగ్రత్తకు అర్థం ఉండేది.

ఆ తర్వాత పరీక్షకు నిలవనిది ఆ నియమమే. 2002లో అమెరికాలో 60 మంది పిల్లల్లో కొందరికి కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు), మిగతావారికి మందు లేని ఉప్పునీరు ఇచ్చి చూస్తే, మార్ఫిన్ వల్ల నొప్పి తగ్గింది, పొట్ట నొక్కి చూసే పరీక్షకు అడ్డు రాలేదు. 2005లో కెనడాలో 108 మందిపై జరిగిన పరీక్షా అదే చెప్పింది. 2007లో అక్కడే 90 మందిపై చేసిన మరో పరీక్షలో మార్ఫిన్ సర్జన్ నిర్ణయాన్ని ఆలస్యం చేయలేదు. అరగంటలో నొప్పి మాత్రం ఉప్పునీటి కంటే పెద్దగా తగ్గలేదన్నదీ దాచకూడని మాటే.

ఇన్ని ఆధారాలున్నా మన దగ్గర అలవాటు మారకపోవడానికి మూలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఉంది. కనీసం 10 ఏళ్ల జైలు శిక్ష, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు లైసెన్సులు, రిజిస్టరులో చిన్న తేడా వచ్చినా కేసు పడుతుందన్న భయం కలిసి మార్ఫిన్‌ను ఆసుపత్రుల అల్మారాల్లోంచి తరిమేశాయి. దశాబ్దం గడిచేసరికి దేశంలో దాని వైద్య వినియోగం 90 శాతానికి పైగా పడిపోయింది. ఆ మందును చేత్తో ముట్టకుండానే ఒక తరం డాక్టర్లు చదువు ముగించారు. 'ఇవ్వకూడదు' అన్న పాత పాఠం 'మా దగ్గర లేదు' అన్న కొత్త ఇబ్బందిని కప్పిపుచ్చింది. 2014 సవరణతో మార్ఫిన్, ఫెంటానిల్ వంటి 6 మందులకు దేశమంతటా ఒకే విధానం వచ్చింది. చట్టం సడలినంత తేలిగ్గా చేతి అలవాటు సడలలేదు.

సర్జన్ల వాదనలో ఒక మాట కొట్టిపారేయలేనిది: ఊళ్లో ఆర్‌ఎంపీ ఏ ఇంజెక్షన్ వేశారో చీటీ లేకుండా ఏజెన్సీ నుంచి వచ్చే పిల్లల విషయంలో అంచనా నిజంగానే కష్టం. ఆ చిక్కు మందు వేయడం వల్ల వచ్చింది కాదు, ఏం వేశారో రాయకపోవడం వల్ల వచ్చింది.

పైగా అందరూ మార్ఫిన్ చుట్టూనే తిరుగుతున్నారు గానీ, వాంతులవుతున్నా సెలైన్ దారిన ఇవ్వగల పారాసిటమాల్‌కు ఏ లైసెన్సూ అక్కరలేదు. దాని మోతాదు సాధారణంగా కిలోకు 15 మిల్లీగ్రాములు. బలమైన మందు వేశాక శ్వాసను కనిపెట్టుకుని ఉండటం, కొద్దిసేపటికి పొట్టను మళ్లీ నొక్కి చూడటం క్యాజువాల్టీ సిబ్బంది పనిలో భాగమే. అందుకే తల్లిదండ్రులు అడుగుతున్న కేస్ షీటులో చూడవలసినవి రెండు సమయాలు: బిడ్డ క్యాజువాల్టీకి చేరిన సమయం, మొదటి నొప్పి మందు పడిన సమయం.