బేచిరాగ్: దీపం ఆరిన ఊళ్లు

తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో బేచిరాగ్ అనే మాట ఇప్పటికీ బతికే ఉంది. పారసీలో చిరాగ్ అంటే దీపం. సందెవేళ దీపం పెట్టే మనిషి లేని ఊరు బేచిరాగ్. జనం నోట అది బేచిరాక్ అయింది. ఇళ్లు లేవు, మనుషులు లేరు, అయినా సర్వే నంబర్లున్నాయి, పొలిమేర ఉంది, పహాణీలో పేరుంది. పక్క ఊరి రైతులు అక్కడ సేద్యం చేసుకుంటారు. ఆ ఊరు ఎప్పుడు పోయిందని అడిగితే తాతల నాడంటారు. ఎక్కడుండేదని అడిగితే మాత్రం తడుముకోరు, "అగో, ఆ పాటిమీద" అని చెయ్యి చాపి చూపిస్తారు.

పాటి అంటే పాతకాలం ఊరు ఉన్న చోటు. కొన్నిచోట్ల పాటిదిబ్బ అంటారు, తెలంగాణలో పాటిగడ్డ అంటారు. చుట్టూ చదునైన చెలక మధ్యలో ఒక మనిషెత్తు, రెండు మనిషెత్తులు లేచి ఉంటుంది. పగిలిన కుండపెంకులు, తిరగలి రాయి ముక్క, ఎవరూ పట్టించుకోని బొడ్రాయి, ఒక పాత చింతచెట్టు. వీటిలో రెండు మూడు ఒకేచోట కనిపిస్తే అక్కడ ఊరు ఉండేదని దాదాపు ఖాయం.

ఆ ఎత్తు ఎక్కడిది? ఎవరూ మట్టి తెచ్చి పోయలేదు, ఇళ్లే కూలి దిబ్బ అయ్యాయి. ఒక చిన్న మట్టిగది లెక్క వేద్దాం. లోపల 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు. గోడ మందం 45 సెంటీమీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. తలుపు వాటా తీసేసినా గోడల్లో 16 ఘనపు మీటర్లకు పైగా మట్టి ఉంటుంది. కప్పు పోయాక రెండు మూడు వానాకాలాలకే గోడలు కరిగి కూర్చుంటాయి. ఆ మట్టినంతా గది ఆక్రమించిన చోటే పరిస్తే 80 సెంటీమీటర్ల పైనే మందం వస్తుంది. కొంత వానకు జారిపోతుంది, కొంత కొత్త గోడకు వాడుకుంటారు. మిగిలినదాన్ని చదును చేసి దానిమీదే మళ్లీ ఇల్లు కడతారు. ఇలా తరాల తరబడి సాగితే ఊరు తన శిథిలాల మీద తానే పైకి లేస్తుంది.

రంగు సంగతి ఇంకా ఆసక్తికరం. చుట్టూ ఎర్రచెలక ఉన్నా పాటి మన్ను బూడిదరంగులో, పిండిలా ఉంటుంది. పొయ్యి బూడిద, పశువుల పేడ, ఎముకలు, ఇంటి చెత్త, అన్నీ వందల ఏళ్లు ఒకేచోట పడ్డాయి. వీటిలోని నత్రజని కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో పోతుంది. భాస్వరం అలా కాదు. నేలలోని సున్నంతోనో, ఇనుముతోనో, అల్యూమినియంతోనో గట్టిగా బంధం వేసుకుని పడినచోటే ఉండిపోతుంది. మనుషులు వెళ్లిపోయి వెయ్యేళ్లయినా వాళ్లు మసలిన చోటు భాస్వరం లెక్కలో తెలుస్తుంది. స్వీడన్‌లో చక్కెరదుంప (షుగర్ బీట్) పొలాల మట్టిని పరీక్షిస్తూ ఓలోఫ్ అర్హీనియస్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి పసిగట్టాడు. దాదాపు వందేళ్లుగా పురావస్తు పరిశోధకులు ఈ దారి వాడుతున్నారు.

కాలేజీ ల్యాబ్‌లో, అధ్యాపకుల సమక్షంలో ఈ పరీక్ష చేసి చూడవచ్చు. వడపోత కాగితం మీద చిటికెడు పొడిమట్టి పెట్టాలి. అమ్మోనియం మాలిబ్డేట్ కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి అర నిమిషం ఆగాలి. ఆ తర్వాత ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, ద్రావణం రెండు చుక్కలు. భాస్వరం ఉంటే రెండు నిమిషాల్లోపు మట్టి చుట్టూ నీలం పాకుతుంది. ఎంత వేగంగా, ఎంత ముదురుగా పాకితే అంత భాస్వరం. తప్పు జరిగేది మట్టి తీసే దగ్గరే. పైమట్టి తీస్తే ఊరు కాదు, నిరుడు చల్లిన డీఏపీ ఎరువులోని భాస్వరం కనిపిస్తుంది. నాగలి తగలని లోతుకు, కనీసం 40 సెంటీమీటర్ల కిందికి వెళ్లాలి. అదే లోతు నుంచి పాటికి దూరంగా ఉన్న పొలం మట్టి కూడా తెచ్చి పక్కన పెట్టి పోల్చాలి. ఆ పోలిక లేకపోతే నీలానికి అర్థమే లేదు.

రసాయనం పేరు తెలియకపోయినా ఈ సారం రైతుకు ఎప్పుడో తెలుసు. పాటిమన్ను బండ్లకెత్తి పొలానికి తోలడం పాత అలవాటే. బండితో తోలిన రోజుల్లో దిబ్బ అంచు కొద్దికొద్దిగా తరిగేది. ఇప్పుడు జేసీబీ ఒక పూటలో దిబ్బలో సగం ఎత్తేస్తుంది. పొలానికి మేలు జరగలేదని అనను. కానీ అడుగు పొర, నడిమి పొర, పై పొర ట్రాక్టర్ తొట్టిలో కలిసిపోయాక ఏ పెంకు ఏ కాలానిదో తేల్చే దారి మూసుకుపోతుంది. పెంకు వయసు చెప్పేది చాలావరకు అది దొరికిన పొరే.

పేడ చెప్పిన చరిత్రకు గొప్ప ఉదాహరణ మక్తల్ దగ్గరి ఉట్నూరు బూడిద దిబ్బ. (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు.) 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ అక్కడ తవ్వితే కాలిన పేడ పొరలు, దడి గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. అది కొత్తరాతియుగం నాటి పశువుల దొడ్డి. పోగుపడ్డ పేడను మళ్లీ మళ్లీ కాల్చడం వల్లే ఆ దిబ్బ పెరిగింది.

దిబ్బ కూడా మిగల్చకుండా పోయిన ఊళ్లున్నాయి. కాకినాడ దగ్గర, గౌతమీ గోదావరి పాయ మీది కోరంగి అలాంటిది. ఈనాటి కోరంగి చిన్న ఊరు, పక్కనే మడ అడవులు. 18వ శతాబ్దంలో ఓడలు కట్టి, మరమ్మతు చేసి పంపిన రేవు అది. అక్కడి నుంచి ఓడెక్కి పోయిన జనం ఎంతమందో గానీ, బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలనే పేరు పడింది.

1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఈ ఊరిని ముంచాయి. 1839 నవంబరు 25న మళ్లీ ఉప్పెన. అప్పుడు మూడు లక్షల మంది పోయారని ఎక్కడ చూసినా రాస్తుంటారు. ఒక రేవు పట్టణానికి అది నమ్మదగిన అంకె కాదు. కలకత్తాలో తుపానుల లెక్కలు పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. పాముచుట్టను తలపించే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అన్న పేరు పుట్టించింది ఆయనే.

ఉప్పెన ఇక్కడ అంత ఎత్తుకు ఎందుకు లేస్తుంది? తుపాను నడిబొడ్డున గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. 60 తగ్గినా వచ్చేది రెండడుగులే. అసలు పని గాలిది. లోతైన సముద్రంలో గాలి తోసిన నీరు అడుగు నుంచి వెనక్కి జారుకుంటుంది. కాకినాడ అఖాతం లోతు తక్కువ, వెనక్కి పోయే చోటు ఉండదు. నీరంతా ఒడ్డు మీదికే ఎక్కుతుంది. డెల్టా నేల పళ్లెంలా చదును, కిలోమీటర్ల లోపలికి ఆపే గట్టు లేదు.

అయినా కోరంగిని చంపింది ఒక్క ఉప్పెనే అంటే ఒప్పుకోలేను. మునిగిన రేవులు మళ్లీ లేస్తాయి, మచిలీపట్నం 1864 ఉప్పెన తర్వాత కూడా నిలిచింది. కోరంగి కోలుకోకపోవడానికి కారణం ఒండ్రు. వరద గోదావరి మోసుకొచ్చిన మట్టి, సముద్రం తగిలి వేగం తగ్గగానే ముఖద్వారం దగ్గరే దిగిపోతుంది. పాయ నోట్లో ఇసుకమేట పడితే బరువెక్కిన ఓడ లోపలికి రాలేదు. అదే ఇసుకను ఒడ్డువెంబడి ప్రవాహం ఉత్తరానికి లాగి పొడవాటి తిన్నె కట్టింది. మనం హోప్ ఐలండ్ అని పిలిచేది దాని కొసనే. ఇప్పుడు కాకినాడ రేవును పెద్ద అలల నుంచి కాస్తున్నది ఆ తిన్నే. ఒక రేవును పూడ్చిన ఇసుకే ఇంకో రేవుకు అడ్డుగోడ అయింది.

ఇంకా దక్షిణాన, బాపట్ల జిల్లాలోని మోటుపల్లిది మరో కథ. ఆ తీరంలో ఓడకు చాటు లేదు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవాళ్లు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించి, ఇకపై సుంకం తప్ప మరేమీ తీసుకోనన్నాడు. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. కర్పూరం, చందనం, ముత్యాలు, దంతం వంటి సరుకుల పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. అదే శతాబ్దం చివర మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే. ప్రకృతి రేవు ఇవ్వని చోట రాజు మాటే రేవైంది. మాట నిలబెట్టే రాజ్యం పోయాక వర్తకుడు అక్కడే ఆగాల్సిన పని లేకపోయింది. శాసనం మాత్రం వీరభద్రాలయంలో ఉంది.

నాగార్జునకొండ లోయది రెండు చావులు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాలుగో శతాబ్దంలో బోసిపోయింది. 1926లో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955లో ఆ లోయను ముంచబోయే నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడే నాటికే పురావస్తు శాఖ నుంచి ఆర్. సుబ్రహ్మణ్యం బృందం నీటితో పోటీ పడి తవ్వుతోంది. 1954 నుంచి 1960 దాకా ఆ పని సాగింది. ఎంపిక చేసిన కట్టడాలను విప్పి కొండ మీదికి, అనుపుకు చేర్చి మళ్లీ పేర్చారు. మరికొన్నిటికి నమూనాలు కట్టారు. ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసే దీవి ఒకనాటి కొండ కొన. ఇటుకలు, రాళ్లు కదిలి వచ్చాయి, వీధులు రాలేదు. ఏ ఇల్లు ఏ బౌద్ధ విహారానికి ఎంత దూరమో ఇప్పుడు నేల మీద కనబడదు. తవ్వకం నాడు గీసిన పటంలోనే చూడాలి.

గోదావరి, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఇంకా అంత పూర్తిగా పోలేదు. శాతవాహన సిముకుడివి, అంతకంటే ముందటి రాజులు గోబద, నారణ, సమగోపుల నాణేలు దొరికిన దిబ్బ అది. ఎల్లంపల్లి జలాశయం నీరు దాని అంచులను తాకుతోంది. ఇలాంటి చోట నీరు దిగినప్పుడు ఒడ్డు కోతల్లో ఇటుకలు, పెంకులు, ఒక్కోసారి నాణేలు తేలుతుంటాయి. దొరికితే చింతపండుతో తోమవద్దు. చిలుముతో పాటు అక్షరాలూ పోతాయి. తీయకముందే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. పైనుంచి ఎంత లోతులో, ఏ రంగు పొరలో ఉందో రాసుకోవాలి. పది రూపాయలకు మించిన విలువైన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. తహశీల్దారుకైనా, పురావస్తు శాఖకైనా కబురు వెళ్లాల్సింది వానలకు ముందే. వరద తగిలిన కోత మరుసటి వేసవికి అలాగే ఉండదు.