అతిథులు రాకముందే మాయమైన ముఖాలు

విదేశీ అతిథులు వస్తున్నారని ఒక నగరం తన వీధుల్లోంచి కొందరు మనుషుల్ని ఏరేస్తుంది. వ్యాన్లెక్కించి జైలు ఆవరణకు తరలిస్తుంది. ఫలానా చోట ఉన్నారని చెప్పినవాళ్లకు బహుమతి ఇస్తుంది. పైకి కనిపించే వైకల్యంపై సమాజానికున్న ఏవగింపు మీద డిస్టోపియన్ సినిమా, అంటే భయపెట్టే చీకటి భవిష్యత్తును చూపే సినిమా తీస్తే, ఇది మంచి తొలి దృశ్యం. కాకపోతే ఇది హైదరాబాద్‌లో 2017 నవంబరులో జరిగింది. అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు పోలీసులు రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించారు. మగవాళ్లను చంచల్‌గూడ, ఆడవాళ్లను చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు పంపారు. సమాచారమిస్తే 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. 2000లో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. బిచ్చమెత్తేవాళ్లంతా వికలాంగులు కారు, నిజమే. కానీ సిగ్నల్ దగ్గర ఎవరు అద్దం తడితే మనం ముందుగా చూపు తిప్పుకుంటామో మనకు తెలుసు.

ఈ ఏవగింపు మీద సినిమా తీయాలనుకునేవారు ముందు పాత చట్టాలు చదవాలి. అమెరికాలో 1867లో శాన్‌ఫ్రాన్సిస్కో, 1881లో షికాగో ఇలాంటివి చేశాయి. అవయవలోపంతో చూడటానికి వికారంగా ఉన్నవాళ్లు వీధుల్లో కనపడకూడదన్నది షికాగో నిబంధన. కనపడితే 1 నుంచి 50 డాలర్ల జరిమానా. దాన్ని తీసేసింది 1974లో.

మన దగ్గరి కథ కుష్ఠుతో మొదలవుతుంది. బ్రిటిష్ ఇండియాలో 1898లో కుష్ఠురోగుల చట్టం వచ్చింది. రోగి ఊరి బావిలో నీళ్లు తోడకుండా, చెరువులో స్నానం చేయకుండా, అద్దె బండి ఎక్కకుండా, తినుబండారాలు చేసి అమ్మకుండా నిషేధించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. దిక్కులేని కుష్ఠురోగిలా 'అనిపిస్తే' చాలు, పోలీసు వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. డాక్టరు చూపు కాదు, పోలీసు చూపే ముందు! 1980ల మొదటికల్లా ఈ జబ్బును పూర్తిగా నయంచేసే మందులు వచ్చాయి. చట్టం మాత్రం 2016 దాకా పుస్తకాల్లోనే ఉంది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును తీసేయడానికి 2019 వరకు ఆగాల్సి వచ్చింది.

నిజాం రాజ్యంలో, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, 1915లో డాక్టర్ ఇసాబెల్ కెర్ ఆసుపత్రి తెరిచారు. 1958లో రాణి కుముదినీదేవి కూకట్‌పల్లిలో శివానంద పునరావాస గృహం పెట్టారు. అప్పుడది ఊరి బయట. ఇప్పుడు ఊరే కూకట్‌పల్లిని దాటి ఎంతో దూరం పోయింది. అయినా 'పెద్దరోగం' అని గొంతు తగ్గించి చెప్పే అలవాటు మాత్రం మన ఇళ్లలోంచి పోలేదు.

అసలు మన మాటల్లోనే తీర్పులున్నాయి. చీలిన పెదవితో బిడ్డ పుడితే 'గ్రహణం మొర్రి' అంటాం. అంటే కడుపుతో ఉన్న తల్లి గ్రహణంవేళ ఏదో తప్పు చేసిందని! బిడ్డ కళ్లు తెరవకముందే తల్లిని బోనెక్కించే పేరు అది. బయల్దేరుతుంటే ఎవరు ఎదురొస్తే వెనక్కి తిరిగి కాసేపు కూర్చుంటామో కూడా గుర్తు చేసుకోవాలి.

సినిమా ఈ చూపును సరిదిద్దకపోగా పెంచి పోషించింది. ముఖం మీద గాటు ఉంటే విలన్, నత్తి ఉంటే కామెడీ. 2024 జులై 8న సుప్రీంకోర్టు, తెరపై వికలాంగులను చూపించే తీరు గురించి మార్గదర్శకాలిచ్చింది. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, కించపరిచే హాస్యం వేరు అంది. రాతలో, తీతలో వాళ్లకూ చోటుండాలంది. అందుకే ఈ కథ ఎవరు తీసినా నాదొకటే కోరిక. మామూలు ముఖానికి గంటల తరబడి మేకప్ వేసి మచ్చలు అతికించొద్దు. ఆ ముఖాలతో బతుకుతున్నవాళ్లనే పిలవండి.

భవిష్యత్తు దృశ్యం కావాలంటే అదీ దొరుకుతుంది. బ్యాంకు ఖాతా తెరవడానికి ఫోన్ ముందు కూర్చుంటే, బతికున్న మనిషేనని నిరూపించుకోవడానికి కనురెప్పలు ఆర్పమంటుంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు కాలిపోయినవాళ్లు ఏం ఆర్పుతారు? ఆ బాధితులే కోర్టుకెక్కారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. రెప్ప ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే పద్ధతులు కూడా పెట్టమని ఆదేశించింది.