ఇంగ్లండ్‌లో చిక్కుడు పాదు: అలాట్‌మెంట్ అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ రాగానే ఇక్కడి మన వాట్సాప్ గ్రూపుల్లో గింజల బేరం మొదలవుతుంది. నా దగ్గర గోంగూర ఉంది, మీ దగ్గర చిక్కుడు ఉందా అని. కౌన్సిల్ దగ్గర అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న స్థలం) మడి తీసుకున్న ప్రతి కొత్తవాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తారు. అలవాటైపోయిన జవాబుల్లో సగం తప్పులే కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ఇక్కడి చలికి మన చిక్కుడు కాయదు.

నేరం ముందుగా చలిది కాదు, పగటి పొడవుది. చిక్కుడులో పాత పాదు రకాలు రాత్రి పెరిగితేనే పూతకు వస్తాయి. మన ఊళ్లో వానాకాలంలో గింజ పెడితే సంక్రాంతి నాటికి పందిరి నిండా గెలలు ఉంటాయి. రథసప్తమికి రథం కట్టే కాయలూ, పరమాన్నం వడ్డించే ఆకులూ ఆ పాదువే. ఆ రోజులన్నీ పగలు తక్కువగా ఉండేవే. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద అతి పెద్ద పగలు 13 గంటల పైచిలుకు. లండన్‌లో జూన్‌లో అది పదహారున్నర గంటలు. అందుకే జులైలో పాదు కర్రలు దాటి పక్కవాళ్ల మడిలోకి పాకుతుంది, ఆకు నవనవలాడుతుంది, పువ్వు ఒక్కటీ ఉండదు. బలం చాలలేదనుకుని ఇంకా ఎరువు వేస్తారు. దాంతో ఆకు ఇంకా పెరుగుతుంది. సెప్టెంబర్ చివర్లో పగలూ రాత్రీ సమానమయ్యే వేళకు మొగ్గ తొడిగితే, అక్టోబర్‌లో పడే ఫ్రాస్ట్‌కు, అంటే గడ్డకట్టే మంచుకు, పాదంతా ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. పాలీటన్నెల్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన గుడారంలో పెడితే చివర్లో కొన్ని వారాలు కలిసొస్తాయి కానీ పూత ముందుకు జరగదు.

దారి లేకపోలేదు. పగటి పొడవుతో పని లేకుండా కాసే పొట్టి రకాలున్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా జయ్, అర్కా విజయ్ అలాంటివే. అయితే నాటే గింజలను సూట్‌కేసులో తెచ్చుకుంటామంటే కుదరదు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఇక్కడే అమ్మేవాళ్లను అడగండి.

గోంగూరదీ ఇదే స్వభావం, కానీ అక్కడ మనకే లాభం. అది కూడా పగలు తగ్గితేనే పూస్తుంది. మనకు కావలసింది ఆకే కదా. వెచ్చగా ఉంచితే వేసవంతా కోసుకోవచ్చు. కొత్తిమీర, పాలకూరలది ఉల్టా. పగలు పెరగగానే కాడ లేచి పూతకొస్తాయి. మే, జూన్‌లలో కొత్తిమీర చల్లి, విత్తనం మంచిది కాదని తిట్టుకోకండి. ఆగస్టులో చల్లి చూడండి.

అపోహ: రన్నర్ బీన్స్ (ఇక్కడివాళ్లు పెంచే తీగ బీన్స్) పూత రాలిపోతుంటే పువ్వుల మీద నీళ్లు చల్లాలి.

పక్క మడి తాతగారు సాయంత్రం పూట స్ప్రేయర్ పట్టుకుని ఇదే చేస్తారు. ఆయనకు నేను చెప్పలేను, మీకు చెబుతాను. నీళ్లు వేరుకు కావాలి. ఈ జాతి పుట్టింది మధ్య అమెరికా కొండ ప్రాంతాల్లో, మరీ వేడెక్కితే దానికి కాయ నిలవదు. పూతను దగ్గరగా చూడండి, కొన్ని పువ్వుల మొదట్లో సన్నటి చిల్లు కనిపిస్తుంది. నాలుక పొట్టిగా ఉండే తుమ్మెదలు ముందు నుంచి దూరలేక, వెనక కొరికి తేనె తాగేస్తాయి. పుప్పొడి అంటదు. కాయ పట్టడం మొదలయ్యాక రెండు మూడు రోజులకోసారి కోస్తూనే ఉండాలి. ముదరనిస్తే పీచు పడుతుంది, కొత్త పూత తగ్గిపోతుంది. లేత కాయను సన్నగా తరిగి కొబ్బరి వేసి వేయిస్తే మన బీన్స్ వేపుడుకేమీ తీసిపోదు. పచ్చిగా మాత్రం సలాడ్‌లో వేయకండి. ముదిరిన గింజలైతే నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కనీసం 10 నిమిషాలు తెర్లనివ్వాలి. అందులోని లెక్టిన్ అనే విషపదార్థం స్లో కుక్కర్ వేడికి పోదు. ప్రెషర్ కుక్కర్‌తో ఆ టెన్షన్ లేదు.

అపోహ: చిక్కుడు జాతి పక్క మొక్కలకు నత్రజని పెడుతుంది.

పెద్దగా పెట్టదు, ముందు తనకే దాచుకుంటుంది. అందులో చాలా భాగం గింజల్లోకి చేరి, కాయలతో పాటు మన వంటింటికి వస్తుంది. సీజన్ అయ్యాక తీగను నేల మట్టానికి కోసి, వేళ్లను మట్టిలోనే వదిలేస్తే మిగిలింది దక్కుతుంది. పూత సమయంలో ఒక వేరు తవ్వి, దాని మీది బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉండాలి. ఉంటే అందులో నత్రజని పట్టే బాక్టీరియా పని చేస్తున్నట్టే.

గుడ్డు పెంకులు చల్లితే నత్తలు రావంటారు. వస్తాయి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో పెంకులు, రాగి టేపు, ఉన్ని గుళికల్లాంటివి లెట్యూస్ మొక్కల చుట్టూ పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నత్తలను చంపడానికి వేసే పాత నీలం గుళికల్లోని మెటాల్డిహైడ్ అనే మందుపై 2022 నుంచి నిషేధం ఉంది. రాత్రి టార్చి వేసుకుని ఏరడం రోత పని, కానీ పని చేస్తుంది.

అపోహ: పశువుల ఎరువుకు వంక పెట్టనక్కర్లేదు.

అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. గుర్రాలశాలల వాళ్లు ఉచితంగా ఇస్తారు, మనమూ సంబరంగా బండెడు దింపించుకుంటాం. గడ్డి మైదానాల్లో కలుపు మీద అమినోపైరాలిడ్ అనే మందు కొడతారు. గడ్డికి ఏమీ కాదు. ఆ గడ్డి తిన్న గుర్రానికీ ఏమీ కాదు. మందు మాత్రం పేడలో చెక్కుచెదరకుండా బయటికొచ్చి మన మడికి చేరుతుంది. బీన్స్, టమాటా, బంగాళదుంప ఆకులు ఫెర్న్ మొక్కలా ముడుచుకుపోతాయి. చాలామంది దాన్ని తెగులనుకుని ఇంకో మందు కొడతారు.

వేసే ముందు పరీక్ష చేయండి. రాశిలో నాలుగైదు చోట్ల నుంచి ఎరువు తీసి, మామూలు కంపోస్ట్‌తో కలిపి కొన్ని కుండీలు నింపండి. ఇంకొన్నిట్లో ఉత్త కంపోస్ట్ పోయండి. అన్నిట్లో బ్రాడ్ బీన్స్ గింజలు నాటి, నెల రోజులు ఆగండి. ఎరువు కుండీల్లోనే కొత్తాకులు దొప్పలా ముడుచుకుని కాడ మెలి తిరిగితే ఆ రాశి ముట్టుకోకండి. ఇచ్చినవాళ్లకే చెప్పి వెనక్కి పంపండి. కౌన్సిల్ గ్రీన్ బిన్‌లో మాత్రం వేయకండి, అది కంపోస్టయి ఇంకొకరి మడిలో తేలుతుంది.