మోకాలి గిలక, సైకిల్ సైజు

కర్నూల్లో మా వీధి కుర్రాడొకడు అడిగాడు: "సార్, ఇంట్లోకి ఒక ఎలక్ట్రిక్ సైకిల్ కొంటున్నాం. నేను 5 అడుగుల 10 అంగుళాలు, మా నాయన 5 అడుగుల 3. ఎట్లాగూ లాగేది మోటారే కదా, ఏ సైజైతే ఏం?"

బ్యాటరీ, మైలేజీ, లైసెన్సు గొడవలు ఎవరైనా చెప్తారు, వాటి జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఆ "ఏ సైజైతే ఏం" అన్న మాట.

కుర్చీలో కూర్చుని మోకాలి మీద చెయ్యి పెట్టుకోండి. చేతికి తగిలే గుండ్రటి చిప్ప ఉందే, అది గిలక. తొడ ముందు కండరం చేంతాడు. ఆ తాడు చిప్ప మీదుగా దిగి కింద కాలి ఎముకకు అతుక్కుంటుంది. చేదబావిలో నీళ్లు తోడినవాళ్లకు తెలిసే ఉంటుంది, నిండు బొక్కెన 15 కిలోలుంటే గిలక మోసేది 15 కాదు, 30. బొక్కెన ఒకవైపు 15 లాగుతుంది, అది జారకుండా మనం రెండోవైపు 15 లాగుతాం, రెండూ గిలక నెత్తినే పడతాయి. అదే తాడు గిలకను కొంచెం రాసుకుంటూ దాదాపు తిన్నగా పోతే గిలకకు బరువే తెలియదు. తాడు 30 డిగ్రీలు వంగితే గిలక మీద పడేది తాడు బిగువులో సగం, 60 వంగితే బిగువంత, 90 వంగితే దాదాపు 1.4 రెట్లు. ఇంటర్‌లో గిలకల లెక్కలు వందల్లో చేశాం, ఒక్క మాస్టారైనా "మీ మోకాలు పట్టుకోండ్రా" అనలేదు.

మోకాలు అంత శుభ్రమైన గిలక కాదు, చిప్పకు పైన, కింద బిగువు సమానంగా ఉండదు. అయినా లెక్క పోయే దారి అదే. సీటు కిందికి ఉంటే పెడల్ నొక్కే సమయానికి కాలు ఇంకా బాగా మడిచే ఉంటుంది, చిప్ప తొడ ఎముకకేసి గట్టిగా ఒత్తుకుంటుంది. పైగా మడత పెరిగేకొద్దీ సాధారణంగా తాడు కూడా ఎక్కువ బిగువుతో లాగాల్సి వస్తుంది, అంటే దెబ్బ రెండువైపులా. మార్కెట్ యార్డులో హమాలీని చూడండి, ఎర్రగడ్డల బస్తాను ఇద్దరు పట్టి వీపు మీదికి ఎక్కిస్తారు, అతను మోకాళ్లు కాస్త వంచి నిలబడతాడంతే. అదే బస్తాతో గొంతుకూర్చుని లేవమంటే లేస్తాడా? బరువు మారలేదు, మడత మారింది.

మోటార్ ఉందిగా అంటారు. కొన్ని సైకిళ్లలో పాదం ఎంత నొక్కితే దానికి తగ్గట్టే మోటార్ సాయం చేస్తుంది, అంటే నొక్కడం మన వంతే. కొన్నింట్లో పెడల్ తిరిగితే చాలు, అక్కడ మోకాలికి కొంత సుఖం. కానీ దారిలో చార్జింగ్ అయిపోయిందనుకోండి, 20 కిలోలు దాటిన సైకిల్ మన గిలక మీదే నడవాలి.

సీటు ఎత్తుకు లెక్క ఒకటుంది. గోడకానుకుని చెప్పుల్లేకుండా నిలబడి, తొడల మధ్య ఒక నోట్‌బుక్ పైకంటా పెట్టి, నేల నుంచి దాని పైఅంచు దాకా కొలవాలి. దాన్ని 0.883తో హెచ్చిస్తే పెడళ్లు తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. 1986, 1989, 1990లో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద ప్రచారమైన సూత్రం ఇది. కాలి కొలత 72 సెంటీమీటర్లయితే 63.6, 82 అయితే 72.4. లెక్కలు వద్దనుకుంటే సీటు మీద కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి, కాలు తిన్నగా రావాలి. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలికి కావలసిన చిన్న వంపు, 25 నుంచి 35 డిగ్రీలు, దానంతటదే వస్తుంది. రోజూ వేసుకునే చెప్పులతోనే చూడండి, మందం అట్టలైతే సెంటీమీటరు తేడా వస్తుంది.

మరి సీటు ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు కదా, ఫ్రేమ్ సైజు గోల ఎందుకు? షాపుల్లో చెప్పే 26, 27.5, 29 చక్రాల సైజులు, ఫ్రేమ్‌వి కావు, ముందు అది తెలుసుకోవాలి. సీటుతో సరిచేయలేనివి రెండు. ఒకటి హ్యాండిల్ ఎంత దూరం అన్నది, మరీ దూరమైతే మోచేతులు బిగుసుకుని అరచేతులు తిమ్మిరెక్కుతాయి. రెండోది నడిమి కడ్డీ ఎత్తు. "పిల్లోడు ఎదుగుతాడు, పెద్దది తీసుకో" అనే స్కూల్ యూనిఫాం తెలివితో నేనూ ఒకసారి పెద్ద ఫ్రేమ్ తెచ్చుకున్నా, ఎదిగే వయసు దాటి చాలా ఏళ్లయినా సరే. రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఆగితే కాలి వేళ్లు మాత్రమే నేలకందాయి. సైకిల్ 5 డిగ్రీలు వాలితే దాని బరువులో పన్నెండో వంతు పట్టుకుంటే సరిపోతుంది, 30 డిగ్రీలు వాలిందా, సగం. అక్కడ పట్టుకోలేకపోయాను. హ్యాండిల్‌కు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని కట్టినంత సేపు కూడా పట్టేది కాదు, కొనేముందు కడ్డీకి అటోకాలు ఇటోకాలు వేసి నిలబడి చూసుంటే. రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఆని, కడ్డీకీ మనకూ మధ్య కనీసం రెండు మూడు వేళ్ల సందుండాలి.

కాబట్టి బాబూ, ఇద్దరికీ ఒకటే అయితే మీ నాయనకు సరిపోయే ఫ్రేమే తీసుకో, నడిమి కడ్డీ బాగా కిందికి వంగినదైతే మరీ మంచిది, చీరకట్టుతో మీ అమ్మ కూడా ఎక్కొచ్చు. నీకు హ్యాండిల్ కాస్త దగ్గరనిపిస్తుంది, ఓర్చుకో. సీటు మాత్రం నీకోసం పైకి లేస్తుంది, సీటు కింది కడ్డీ మీద కంపెనీవాళ్లు గీసిన హద్దు గీత బయటపడనంత వరకే. ఇద్దరి ఎత్తులూ ఒకసారి సరిచూసుకుని ఆ కడ్డీ మీద నెయిల్ పాలిష్‌తో రెండు గుర్తులు పెట్టుకోండి. స్కెచ్ పెన్ వద్దు, మన ఎండకి, చెమటకి వారం నిలవదు.