వాన అందరికీ ఒకేరోజు పడుతుంది

నెలాఖరు వచ్చిందంటే రుషికొండ మీద మా ఆఫీసులో ఎవరికీ టైమ్‌కి భోజనం ఉండదు. వ్యాపార సంస్థలు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎంత స్పీడుగా నడుస్తోందో చూడటం నా పని. మామూలు రోజుల్లో రెండు సెకన్లలో తెరుచుకునే బిల్లు ఆ రోజు ఇరవై సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. పని పదింతలైందా అంటే, రెట్టింపు కూడా అవ్వలేదు. సగం సమయం ఖాళీగా ఉండే సర్వరు 95 శాతం బిజీ అయింది, అంతే.

ఒక బిల్లుకి సర్వరు చేసే అసలు పని సెకను అనుకుందాం. బిల్లులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటాయి, కొన్ని తేలిక, కొన్ని బరువు. సర్వరు 50 శాతం బిజీగా ఉంటే జవాబుకి సగటున 2 సెకన్లు, 80 శాతమైతే 5, 90కి 10, 95కి 20, 98కి 50. సెకనుని సర్వరు ఖాళీగా ఉండే వాటాతో భాగించండి, అదే లెక్క. సర్వరేమీ నెమ్మదించలేదు. క్యూ పెరిగింది. 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఇంజనీరు, ఫోన్ కాల్స్ ఏ లెక్కన వచ్చిపడతాయో పరిశీలిస్తూ మొదలుపెట్టిన గణితం ఇది.

ఈ లెక్క నాకు అసలు అర్థమైంది మాత్రం పద్మనాభం దగ్గర, మావయ్య పొలం గట్టు మీద.

మా వైపు వరి నాట్లని ఉభాలు అంటారు. నారు పోసుకుని, చెరువు నిండే వాన కోసం చూస్తారు. వాన పడుతుంది, అందరికీ ఒకేరోజు. అంతే, మర్నాటి నుంచి ట్రాక్టరు ఫోన్ ఎత్తదు. ఊళ్లో 120 ఎకరాలుండి, దమ్ము చేసి నాటే కూలీ జట్లన్నీ కలిసి రోజుకి ఆరెకరాలు ముగించగలిగితే, ఆఖరి మడి నాటేసరికి ఇరవై రోజులు. సగటున పది రోజుల ఆలస్యమే కదా అనిపిస్తుంది. కానీ సగటు మడి అంటూ ఊళ్లో ఏదీ లేదు. మొదటివాడు 25 రోజుల లేత నారు నాటుతాడు, ఆఖరివాడు అదే రోజు పోసిన నారుని 45 రోజులకి పీకుతాడు.

ఆ ఇరవై రోజుల్లో నారుమడిలో ఏమవుతుందో ఒక మొక్క పీకి చూస్తే తెలుస్తుంది. వరి మొక్క మొదలు దగ్గరున్న కణుపుల నుంచే పిలకలు వేస్తుంది. మడిలో వేలకి వేల మొక్కలు ఒకదాన్నొకటి నొక్కుకుంటుంటే, వెలుతురూ చోటూ చాలక, కింది కణుపుల్లో రావాల్సిన తొలి పిలకలు రాకుండానే పోతాయి. తర్వాత ఎంత విశాలమైన మడిలో నాటినా అవి తిరిగి రావు. అందుకే ముదురు నారైతే కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి దగ్గర దగ్గరగా నాటమంటారు. పిలకలు వెయ్యాల్సిన చోట మొక్కలే పెట్టడమన్నమాట.

రెండో దెబ్బ అక్టోబరులో. ఆలస్యంగా నాటిన పైరు ఆలస్యంగా ఈనుతుంది. వరిపువ్వు జీవితంలో ఒక్కసారే, పొద్దున పది, పదకొండు ప్రాంతాల్లో తెరుచుకుని, ఇంచుమించు గంటలో మూసుకుంటుంది. ఆ గంటలో జడివాన పడితే పుప్పొడి తడిసి గింజ తాలు పోతుంది. తుపాన్లు వచ్చేదీ అక్టోబరు, నవంబరుల్లోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది మన విశాఖలోనే, ఎవరికి మాత్రం గుర్తుండదు!

విత్తే రోజుని సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టే ప్రయత్నాలూ జరిగాయి. 2016లో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండలో 175 మంది వేరుశనగ రైతులకి, ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపించాయి. ముప్పై ఏళ్ల వాతావరణ లెక్కలు, నేలలో తేమ, వర్షసూచన కలిపి, జూన్ మొదట్లో తొందరపడొద్దు, నెలాఖరు దాకా ఆగమన్నాయి. ఆగినవాళ్లకి సగటు దిగుబడి 30 శాతం ఎక్కువొచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఒక్క సీజను, కొద్దిమంది రైతులు. నేనైతే అంకెని కొంచెం జాగ్రత్తగానే తీసుకుంటాను.

నా అసలు అనుమానం వేరే. 175 మందికి పని చేసిన మెసేజ్ మండలంలో అందరికీ ఒకేరోజు వెళ్తే? అందరూ ఒకే పొద్దున గొర్రు కోసం, ట్రాక్టరు కోసం బయల్దేరతారు. సర్వర్లలో మేం రోజూ పడే గొడవే ఇది. పనులన్నీ సరిగ్గా రాత్రి పన్నెండుకి మొదలయ్యేలా పెడితే పన్నెండూ ఐదుకల్లా సిస్టమ్ కూలబడుతుంది. అందుకని ఒక్కోదాన్నీ కావాలనే కొన్ని నిమిషాలు అటూ ఇటూ జరుపుతాం. మొత్తం పని తగ్గదు, క్యూ తగ్గుతుంది. విత్తనాల మెసేజ్‌లోనూ ఈ సర్దుబాటు ఉండాలనేది నా అభిప్రాయం. వానెప్పుడో ఒక్కటే చూస్తే చాలదు, మీ ముందు ఎంతమంది ఉన్నారో కూడా చూడాలి.

ఊళ్లల్లో ఈ సర్దుబాటుకి పనికొచ్చేవి లేకపోలేదు. విత్తనాన్ని నేరుగా మడిలో చల్లే ఎద పద్ధతిలో నాట్ల క్యూయే ఉండదు. కలుపుతో మాత్రం కుస్తీ పట్టాలి. ఆలస్యం తప్పదనుకున్నవాళ్లు 145 రోజుల స్వర్ణ రకం వరి మానేసి, 120 రోజుల్లో చేతికొచ్చే ఎంటీయూ 1010కి మారొచ్చు.

మావయ్యది చెరువు కింద ఆఖరి మడి. ఊరంతా నారు పోసేసిన పన్నెండు రోజులకి గానీ ఆయన విత్తనం నానబెట్టలేదు. "అంత లేటేంటి మావయ్యా?" అని అడిగాను.

"ఎలాగూ నీరూ, ట్రాక్టరూ మనకి ఆఖర్నే కదరా వస్తాయి," అన్నాడు, తడి గోనె మీద నీళ్లు చిలకరిస్తూ. "ముందే పోసేసి నారుని ముసలిదాన్ని చేసుకోవడం దేనికి?"