ఏడు రోజుల షట్టరు గొడవకి మూలం 2017లో ఉంది

మహారాష్ట్రలోని బల్లార్షాలో పెద్ద స్టోరు వారంలో ఏడు రోజులూ తెరవడం మీద మళ్ళీ రగడ మొదలైంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ చిన్న కిరాణా వాళ్ళూ అడిగేది ఒకటే, నివాస జోన్‌లో ఉన్న బిల్డింగుకి అన్ని రోజుల పర్మిషన్ నగర పరిషత్ ఎలా ఇచ్చిందని.

జోన్ వేరు, తెరిచే రోజులు వేరు. జోన్ సంగతి 1966 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కిందికి వస్తుంది. 2020 డిసెంబరు నుంచి ముంబయి లాంటి కొన్ని చోట్ల తప్పించి రాష్ట్రానికంతా ఒకే నిర్మాణ నియమావళి ఉంది. నివాస జోన్‌లో దుకాణం పెట్టొచ్చా లేదా అన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి తేలుతుంది, బండ్లు నిలపడానికి జాగా చూపించాలి. వారంలో ఎన్ని రోజులు తెరవాలన్నది మాత్రం దుకాణాల వేళలూ పనివాళ్ళ సెలవులూ చూసే షాప్ యాక్ట్ చూసుకుంటుంది.

1948 నాటి పాత షాప్ యాక్ట్‌లో, కొన్ని మినహాయింపులు పోను, ప్రతి దుకాణం వారానికి ఒక రోజు మూయాల్సిందే. యజమాని ఏడాది మొదట్లోనే ఆ రోజులు ఇన్‌స్పెక్టరుకి తెలిపి, అందరికీ కనబడేలా నోటీసు పెట్టాలి. షట్టరు దిగితే సేటుకీ సెలవే, గల్లా దగ్గర కుర్రాడికీ సెలవే, అడగాల్సిన పని లేదు.

2017 డిసెంబరు 19న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఆ సెలవుని దుకాణం నుంచి తీసి పనివాడికి కట్టింది. దుకాణం ఏడు రోజులూ తెరవొచ్చు, ఒక్కో పనివాడికి వారంలో 24 గంటల సెలవు వంతులవారీగా ఇస్తే చాలు. ఇన్‌స్పెక్టరు పోయి, తనిఖీతో పాటు సలహా కూడా చెప్పే ఫెసిలిటేటరు వచ్చాడు. నా లెక్కలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే 2017లో ఈ చట్టం పూర్తిగా వర్తించేలా పెట్టింది పది మంది, అంతకు మించి పనిచేసే చోటే. పదికి లోపు ఉంటే వ్యాపారం పెట్టినట్టు తెలియజేస్తే సరిపోయేది. అంటే పెద్ద స్టోరు కౌంటరు అమ్మాయికి కాగితం మీదైనా సెలవుంది, నలుగురు పనిచేసే కిరాణాలో బస్తాలెత్తే కుర్రాడికి అదీ లేదు. పెద్ద స్టోరు మూయకపోతే గిరాకీ పోతుందని చిన్న సేటూ మూయడు, కుర్రాడి సెలవు అక్కడికక్కడే గల్లంతు. ఈ కుర్రాడి మాట గొడవ చేసేవాళ్ళ అర్జీల్లో ఎక్కడా కనబడదు, వాటి నిండా పార్కింగే!

స్టోరు వాళ్ళు చెప్పేది చట్టం ఒప్పుకుంటోందని. అది నిజమే. రైలెక్కితే వచ్చే కాగజ్‌నగర్ వైపు చూసినా, తెలంగాణ 2023 ఏప్రిల్‌లోనే ఫీజు కట్టిన దుకాణాలకి 24 గంటలు తెరిచే వీలిచ్చింది. 2025 అక్టోబరులో మహారాష్ట్ర కూడా మద్యం దుకాణాలు, బార్ల వంటివి కాక మిగతావి 24 గంటలూ తెరవొచ్చని జీఆర్‌లో, అంటే ప్రభుత్వ ఉత్తర్వులో, స్పష్టం చేసింది. ఇప్పటి గొడవకి అందరూ దాన్నే తిడుతున్నారు కానీ ఏడు రోజుల తలుపు అప్పటికి దాదాపు ఎనిమిదేళ్ళుగా తెరిచే ఉంది.

ఆ జీఆర్‌కి నెల ముందు, సెప్టెంబరులో, ఆ పది మంది హద్దుని ఇరవైకి పెంచడానికి రాష్ట్ర క్యాబినెట్ ఒప్పుకుంది, దాని మీద మాత్రం ఇక్కడ ఎవరూ నోరు విప్పలేదు. నగర పరిషత్ చేతిలో ఉన్నది పార్కింగ్ జాగా, బిల్డింగు ప్లాను. వారపు సెలవులు నిజంగా ఇస్తున్నారా అని రిజిస్టరు తిరగేయమనాలంటే లేబర్ ఆఫీసుకి వెళ్ళాలి.